పులస ఎంత పొడవుండాలి?

పిల్లలూ, బదిలీ ఉద్యోగుల ఇళ్ళలో ఒక చిక్కు ఉంటుంది. కొత్త ఊళ్ళో సామాన్లు సర్దుకుని చేపల బజారుకు వెళ్తే అక్కడ పేర్లన్నీ మారిపోయి ఉంటాయి. విశాఖలో మనం కానాగంతలు అన్నవే కొచ్చిలో అయల, గోవాలో బాంగ్డా. మన నెత్తళ్ళు కేరళలో నెత్తోలి. ఇది కాస్త దగ్గరి చుట్టమే. పులసకు మాత్రం పేర్లు చాలా ఉన్నాయి. కోల్‌కతాలో ఇలిష్, ఒడిశాలో ఇలిశి, తమిళంలో ఉల్లం, సింధీవాళ్ళకు పల్లా. సింధీలు కొలిచే ఝూలేలాల్‌ను ఈ చేప మీదే చిత్రిస్తారు. బంగ్లాదేశ్‌కు ఇది జాతీయ చేప. ఈసారి మన పాఠం ఈ చేప గురించి, ముఖ్యంగా దాన్ని కొనే మన గురించి.

ఇదీ మనలాగే ఊళ్ళు మారే ప్రాణి. కాకపోతే దానికి బదిలీ ఉత్తర్వులు నది పంపుతుంది. సముద్రంలో ఉన్నప్పుడు దీన్ని విలస అంటారు. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే యానాం, అంతర్వేది వైపు నుంచి నదిలోకి తిరిగి, ప్రవాహానికి ఎదురీదుతూ పైకి వస్తుంది. ఉప్పునీరు వదిలి మంచినీటిలో ఈదేకొద్దీ దాని రుచి మారుతుందని, అప్పుడే అది పులస అవుతుందని గోదావరి వాళ్ళు చెబుతారు. ధవళేశ్వరం దాకా వచ్చాక దారి మూసుకుపోతుంది. అక్కడ 1852లో కాటన్ కట్టించిన ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది. గంగలోనూ ఇదే కథ. ఒకప్పుడు అలహాబాదు దాకా వెళ్ళిన ఇలిష్‌కు 1975లో మొదలైన ఫరక్కా బ్యారేజీ అడ్డుపడింది.

ఇంత దూరం అది ఎందుకు ఎదురీదుతుంది? గుడ్లు పెట్టడానికి. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అనే సామెత మీరు వినే ఉంటారు. ఆ సామెత చెప్పని సంగతి ఒకటుంది. మనం అంత ఆశపడే పులస సరిగ్గా గుడ్లు పెట్టబోతున్న పులసే. గుడ్లున్నదానికి గిరాకీ ఇంకా ఎక్కువ. ఒక్క తల్లిచేప కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి. వాటిలో పెరిగి పెద్దయ్యేవి చాలా కొద్ది. ఆ కొద్ది పిల్లలే కొన్ని నెలలు నదిలో పెరిగి, సముద్రానికి వెళ్ళి, మళ్ళీ మన వలల్లోకి రావాలి.

అందుకని పులస తినొద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. బెండకాయలు వేసి మట్టికుండలో వండి, మర్నాడు తినే పులుసును కాదనడం మాకూ చేతకాదు. పైగా వల మీదే బతికే కుటుంబాలకు అది మేలు చేసే మాట కాదు. మనం ఆలోచించాల్సింది ఏ చేపను కొంటున్నాం అన్నదే.

పశ్చిమ బెంగాల్‌లో 23 సెంటీమీటర్ల కన్నా చిన్న ఇలిష్‌ను పట్టడం, అమ్మడం నిషేధం. బంగ్లాదేశ్‌లో ఆ కొలత 25 సెంటీమీటర్లు. అంతకన్నా చిన్నదాన్ని అక్కడ జాట్కా అంటారు. కోల్‌కతాలో ముద్దుగా ఖోకా ఇలిష్, అంటే చంటిబాబు ఇలిష్ అంటారు. పేరులో ముద్దు ఉంది కానీ బజారులో దాని పని అంత ముద్దుగా లేదు. పెద్దది కొనలేనివాళ్ళకు ఇది చవకగా దొరుకుతుంది. చవకగా దొరుకుతున్నది అమ్ముడుపోతుంది. అమ్ముడుపోతుంటే సన్నకన్నుల వలలు నీళ్ళలోకి దిగుతూనే ఉంటాయి. ఒక్కసారి కూడా గుడ్లు పెట్టని చేపలు బుట్టల్లోకి చేరితే కొన్నేళ్ళకు పెద్దవే ఉండవు. చట్టం వల దగ్గర పనిచేస్తుంది. బుట్ట దగ్గర పనిచేయాల్సింది కొనేవాళ్ళు. మీ జామెట్రీ పెట్టెలోని 15 సెంటీమీటర్ల స్కేలు ఇందుకు చాలదు, 30 సెంటీమీటర్లది కావాలి.

బంగ్లాదేశ్‌లో ఏటా ఆశ్వయుజ పౌర్ణమి దగ్గర 22 రోజులు ఇలిష్ వేట పూర్తిగా ఆపేస్తారు. ఆ రోజుల్లో మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు మరబోట్లు సముద్రంలోకి వెళ్ళవు. 61 రోజులు పడవ ఒడ్డున ఉంటే ఇల్లు ఎలా గడుస్తుందో ఆలోచించండి. ప్రభుత్వం భృతి ఇస్తుంది కానీ చాలా ఇళ్ళకు అది సరిపోదు. అయినా వాళ్ళు ఆగుతున్నారు. అందుకే మే నెలలో విశాఖలో "ఈరోజు వేటలో పడ్డ పెద్ద వంజరం" అని ఎవరైనా అంటే, ఏ పడవ తెచ్చిందని అడగడం తప్పు కాదు. నాటుపడవ తెచ్చి ఉండవచ్చు, ఐసులో దాచినది కావచ్చు, అవతలి తీరం నుంచి వచ్చి ఉండవచ్చు. ఆ రెండు నెలలూ శీలావతి, బొచ్చె, కొర్రమీను వంటి మంచినీటి చేపలు ఎలాగూ దొరుకుతాయి.

ముద్ర చూసి కొందామంటే మన బజారులో అది దాదాపు కనిపించదు. కొల్లం దగ్గర అష్టముడి సరస్సులోని గుల్లలకు 2014లో మెరైన్ స్టూయర్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువపత్రం వచ్చింది. మన దేశంలో అదే మొదటిది. బుట్టలో చేపలు తెచ్చే అమ్మ దగ్గర అలాంటి కాగితం ఉండదు, కానీ అడిగితే జవాబు ఉంటుంది. ఎక్కడిది, ఎప్పుడు పట్టారు, ఏ వలతో పట్టారు అని మర్యాదగా అడగండి. బేరమాడే గొంతుతో కాదు, తెలుసుకునే గొంతుతో. పులస విషయంలో మొదటి ప్రశ్న మరీ అవసరం, ఎందుకంటే ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చిన విలసను గోదావరి పులస అని అమ్మడం కొత్తేమీ కాదు.

వచ్చే తెలుగు పీరియడ్‌కు ఒక పని. మీ ఊరి బజారులో నాలుగు చేపల పేర్లు స్థానిక భాషలో అడిగి, తెలుగు లిపిలో రాసుకోండి. పక్కన వాటి తెలుగు పేరు రాయండి, తెలియకపోతే అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి అడగండి. అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే ఒక్కోదాని పొడవు స్కేలుతో కొలిచి తేదీతో సహా నమోదు చేయండి. చేపలు తినని ఇళ్ళ పిల్లలు స్నేహితులతో కలిసి వెళ్ళవచ్చు, కొలవడానికి తినక్కర్లేదు.