ఏ.సి. కొనే ముందు ఒక లెక్క
బళ్ళారి ఎండ పొడి ఎండ. కిటికీలు తెరిచి ఉంచగల ఇంటికి కూలరే చాలు. కానీ మాది అపార్టుమెంటులో పై అంతస్తు. మనవరాలు పరీక్షలకు చదవలేక అల్లాడుతుంటే ఏ.సి. బేరానికి బయలుదేరాను.

విద్యార్థులారా, ఏ.సి. టన్ను మిషను బరువు కాదు. ఒక అమెరికా టన్ను, అంటే 907 కిలోల మంచుగడ్డ, 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి పీల్చుకుంటుందో అంత. స్లాబుకు నేరుగా ఎండ తగిలే గదికి టన్నులు కాస్త ఎక్కువే కావాలి.

ఇక స్టార్లు. లేబులు మీది ఏడాది యూనిట్లు 1600 గంటల వాడకానికి కట్టినవి. మూడు స్టార్లది 1100, ఐదు స్టార్లది 800 అనుకుందాం. తేడా 300. మా వాడకం వేసవి 100 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 800 గంటలే. కనుక తేడా 150. యూనిట్ 6 రూపాయల చొప్పున ఏడాదికి 900 ఆదా. ఐదు స్టార్లకు 8,100 ఎక్కువ పెడితే, అది తిరిగి రావడానికి 9 ఏళ్ళు! కామర్సు వాళ్ళు చదివే పేబ్యాక్ పీరియడ్ ఇదే. 1600 గంటలూ నడిపేవారికి నాలుగున్నర ఏళ్ళు చాలు. నేను మూడు స్టార్లదే తీసుకున్నాను. మిగిలిన డబ్బు పిల్ల కాలేజీ ఫీజులో కలిసింది.

అన్నట్టు, బయటి యూనిట్ ఎక్కడ బిగించాలో అపార్టుమెంటు సంఘాన్ని ముందే అడగండి. నేను అడగలేదు; పెట్టె నాలుగు రోజులు వరండాలోనే ఉంది.