బొగ్గుపులుసు వాయువును పట్టి విడుచు గుల్ల స్ఫటికములు

సున్నపు తేటలోనికి గొట్టముతో ఊపిరి ఊదినచో తేట పాలవలె తెల్లబడును. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, సున్నముతో కలిసి సున్నపురాయి పొడిగా మారుటయే ఇందుకు కారణము. ఈ చిన్న ప్రయోగమునందే నేటి లోకమును కలతపెట్టుచున్న ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది.

యంత్రయుగమునకు పూర్వము గాలిలో పది లక్షల పాళ్లకు ఈ వాయువు సుమారు 280 పాళ్లుండెడిది. ఇప్పుడు 420 దాటినది. భూమి వేడెక్కుటకు ఇది ముఖ్య కారణము. ఎండ హెచ్చి వాన అదను తప్పినచో మన కృష్ణగిరి మామిడి తోటలకును, హోసూరు రాగి చేలకును కష్టమే. కావున కర్మాగారపు పొగగొట్టమువద్దనే ఈ వాయువును పట్టు ఉపాయములను శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు.

పట్టుటకు సున్నము చాలును. కాని పట్టిన వాయువును విడిపింపవలెనన్న సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చవలెను. సున్నపు బట్టీలో జరుగునది ఇదియే. ఆ మంటకు వాడిన బొగ్గునుండి మరల అదే వాయువు పుట్టును. కావున గట్టిగా పట్టుట ఒక్కటే చాలదు. కొద్ది వేడికే విడువవలెను. అప్పుడే ఆ పదార్థమును తక్కువ ఖర్చుతో మరల మరల వాడుకొనవచ్చును.

మన తమిళనాడులోనే, తూత్తుకుడిలోని ఒక క్షార కర్మాగారమున, బాయిలరు పొగలోని ఈ వాయువును ద్రావకముతో పట్టి ఏటా 60,000 టన్నుల వరకు సోడా తయారీకి వాడు ఏర్పాటు 2016లో మొదలైనది. అయితే సాధారణముగా ఇట్టి ద్రావకములలో నీరు హెచ్చు. వాయువును విడిపించుటకు ఆ నీటిని కూడ కాచవలసివచ్చును.

ఇచ్చటనే గుల్ల స్ఫటికములు అక్కరకు వచ్చుచున్నవి. వీనిని లోహ సేంద్రియ చట్రములందురు. పందిరిలో గుంజలు, వాసములు కూడినట్లు, లోహపు అణువులు ముడులుగను, కర్బన సమ్మేళనములు కమ్ములుగను కూడి లెక్కలేనన్ని గదులు ఏర్పడును. 1999లో వెలువడిన మాఫ్–5 అను చట్రము రెండు గ్రాములున్నచో, దాని లోపలి గోడల వైశాల్యము ఒక ఫుట్‌బాల్ మైదానమంత యుండును. తగిన చట్రమును ఎన్నుకొన్నచో వాయువు ఈ గోడలను అంటుకొనునే గాని, సున్నముతో వలె గట్టిగా కలిసిపోదు.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయమువారు తుత్తునాగముతో చేసిన కాల్ఫ్–20 అట్టిదే. అది తేమకు చెడక సిమెంటు కర్మాగారపు పొగలో నిలిచినదని 2021లో ప్రకటించిరి. నీటియావిరి తగిలించిన చాలును, పట్టిన వాయువును విడుచును.

అయినను, విడిచిన వాయువును భూగర్భమున దాచుటకు గాని, సరకుగా మార్చుటకు గాని మరల వ్యయమగును. పొగను పుట్టించి పట్టుటకంటె పుట్టకుండ చూచుట మేలని మరువరాదు.

ఈ చట్రములకు బాట వేసిన రిచర్డ్ రాబ్సన్, సుసుము కితగావా, ఒమార్ యాగీ అను మువ్వురకు 2025లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. యాగీ జోర్డాన్ దేశమున శరణార్థుల బిడ్డ. వారి ఇంట విద్యుద్దీపము లేదు. పదవ యేట, ఎప్పుడును తాళము వేసియుండు బడి గ్రంథాలయములోనికి దూరి, ఒక పుస్తకములో అణువుల బొమ్మలు చూచి ఆశ్చర్యపడెనట. మన బడులలో అట్టి తాళములు పడకుండ చూడవలెనని తల్లిదండ్రులను కోరుచున్నాము.

విద్యార్థులారా! ఏ పదార్థమును గూర్చి చదివినను, అది దేనిని పట్టును అని మాత్రమే గాక, ఎంత వేడికి విడుచును అనియు అడుగుడు.