గండికోట బండ మీద కూర్చునే ముందు

గండికోట ఫొటో అంటే చాలు, ఎవరో ఒకరు బండ అంచున కాళ్లు వేలాడేసి కూర్చునే ఉంటారు. మన జహీరాబాద్ నుంచి వెళ్లే బ్యాచ్‌లు కూడా ముందు వెతికేది ఆ బండనే. అందుకే ఈసారి పాఠం దాని మీదే.

చెరువుకు గండి పడింది అంటాం కదా, ఇదీ ఆ గండే. కడప జిల్లా జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఎర్రమల కొండలను పెన్నా కోసుకుంటూ పోయింది. ఆ గండి పక్కన కట్టిన కోట గండికోట. ‘ఇండియా గ్రాండ్ కేన్యన్’ అంటారు గానీ, అమెరికాలో లోతు 1,600 మీటర్లు దాటుతుంది, ఇక్కడ వంద మీటర్లకు అటూఇటూ. నాకైతే మన పాత పేరే బాగుంది.

అక్కడిది క్వార్ట్‌జైట్. ఇసుక రేణువులు సిలికాతో అతుక్కుని గట్టిపడిన రాయి. మన ఊరి ఎర్రరాయిలా సులువుగా కోయలేం. కానీ పొరలుగా ఉంటుంది, వాటికి అడ్డంగా నిలువు పగుళ్లు. సివిల్ వాళ్లు జాయింట్స్ అని చదివేది వీటినే. పొరలూ పగుళ్లూ కలిసి రాయిని పెట్టెల్లా విడగొడతాయి. కింద ఆధారం పోతే ఒక పెట్టె జారిపడుతుంది, వెనక గోడ మళ్లీ నిటారుగానే మిగులుతుంది. గండి అంత నిలువుగా, అందంగా ఉండేది ఇందుకే. అంటే మనం కూర్చునే బండ వెనక పగులు ఎప్పుడో పడి ఉండొచ్చు. రాయి గట్టిదే, అతుకే లేదు.

కాబట్టి పగులు ఎక్కడుందో చూసి, దానికి బాగా ఇవతలే ఆగండి. వాన పడ్డాక అటు పోనే వద్దు. కిందికి దిగి ఈత కొడదామనే వాళ్లకు ఒక మాట: ఎగువన గండికోట ప్రాజెక్టు, దిగువన మైలవరం రిజర్వాయర్ ఉన్నాయి. నీటిమట్టం మన టైమ్‌టేబుల్ చూడదు. ఎండాకాలం మానేసి డిసెంబరులో వెళ్లండి. పొద్దున్నే గండి, తర్వాత తీరిగ్గా జామా మసీదు, మాధవరాయ ఆలయం.