జీతం ఎగ్గొడితే స్టేషన్‌కా, లేబర్ ఆఫీసుకా?

ఏమే చెల్లీ, బట్టల షాపులో నిన్ను ఉన్నపళంగా మానిపించారట. రెండు నెలల జీతం కూడా చేతిలో పెట్టలేదట. "ఎవరికి చెప్పుకోను అక్కా" అంటున్నావు కదా, విను.

మన తిరువూరులో ఇలాంటిది జరిగితే ముందు పోలీస్ స్టేషన్‌కి పరిగెడతాం. లేదంటే వార్డులో ఓ పెద్దమనిషిని పట్టుకుంటాం. ఎస్సై గారు ఓనర్ని పిలిచి గట్టిగా మాట్లాడితే సగం డబ్బు రావచ్చు, కాదనను. కానీ జీతం బాకీ తేల్చే అధికారం స్టేషన్‌కి లేదు. ఆ సగం ఇచ్చి రాజీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారంటే మిగతా సగం ఊసెత్తడం కష్టం.

నీ అర్జీ వెళ్ళాల్సింది లేబర్ ఆఫీసుకి. మన ప్రాంతం చూసే సహాయ కార్మిక అధికారికి, అదే ఏఎల్ఓకి ఇవ్వు. ఆయన దగ్గర తేలకపోతే పైఅధికారుల కోసం విజయవాడ బస్సెక్కాలి. సోమవారం ఆర్డీఓ ఆఫీసు గ్రీవెన్సులో ఇచ్చినా లేబర్ వాళ్ళకే పంపుతారు. 2022 ఏప్రిల్లో తిరువూరు రెవెన్యూ డివిజన్ అయింది కాబట్టి అందుకోసం నూజివీడు దాకా పోయే బాధ తప్పింది. నువ్వు సత్తుపల్లి షాపులో చేసుంటే మాత్రం తెలంగాణ లేబర్ ఆఫీసుకే వెళ్ళాలి. ఇల్లు ఎక్కడున్నా పని చేసిన చోటే లెక్క.

"నా దగ్గర కాగితమే లేదక్కా" అంటావేమో. షాపుల్లో అపాయింట్‌మెంట్ ఆర్డర్లు ఎవరిస్తున్నారు గనక! ఫోన్‌పేలో జీతం పడిన వివరం ఉంది. "రేపు స్టాకు వస్తుంది, పెందలాడే రా" అని ఓనర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఉంది. దసరాకి షాపు చీరలో అందరూ దిగిన ఫోటో ఉంది. అన్నీ ప్రింటు తీయించు. చేరిన తేదీ, నెల జీతం, మానిపించిన తేదీ, రావాల్సిన బాకీ, ఈ నాలుగూ అర్జీలో ఉంటే చాలు, ఏడుపు అక్కర్లేదు. రెండు కాపీలు పట్టుకెళ్ళి నీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకో. "చూస్తాంలే అమ్మా, వెళ్ళు" అంటే కదలకు.

చట్టం నీ పక్కనే ఉంది. 1988 నాటి మన రాష్ట్ర షాపుల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు వరసగా పనిచేసినవాళ్ళని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసెయ్యకూడదు. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ అయితే, తీసేసిన రెండు పనిదినాల్లో బాకీ ఇచ్చెయ్యమంటుంది. క్లెయిముకి మూడేళ్ళ గడువుంది.

ఇక ఓనరే చెయ్యి వేస్తే అది వేరే కథ. అక్కడ స్టేషన్ వద్దనను. ఓనర్ మీదే కాబట్టి షాపులో ఎంతమంది ఉన్నా జిల్లా స్థానిక కమిటీకీ ఫిర్యాదు రాయొచ్చు, కానీ గడువు మూడు నెలలే. సిగ్గుపడి కూర్చుంటే అది ఇట్టే అయిపోతుంది.

లాయరు ఫీజు సంగతా? ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టమే చెబుతోంది. మన కోర్టులో మండల న్యాయసేవల కమిటీని అడుగు, లేదా 15100కి ఫోన్ చెయ్యి. అర్జీ మాత్రం ఈ వారమే ఇచ్చెయ్, మళ్ళీ ఆ షాపు గుమ్మం దగ్గర నిలబడి బతిమాలకు.