రెండు ఇంజిన్లున్నా వేగమే రక్ష

హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేస్తూనే పైలట్ కావాలని కలలు కనేవారు కొందరున్నారు. పైలట్ శిక్షణ ఇచ్చే తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ బేగంపేట పాత విమానాశ్రయంలోనే ఉంది. శిక్షణ గురించి వాకబు చేసేవారు ముందుగా ఫీజు, ఉద్యోగాల సంగతి అడుగుతారు. గాల్లో ఇంజిన్ ఆగితే ఏం చేయాలో ఎలా నేర్పుతారన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

అర్హతలేంటి?

ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి, 18 ఏళ్లు నిండినవారు కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు ప్రయత్నించవచ్చు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే థియరీ పరీక్షలు పాసవ్వాలి. 200 గంటలు విమానం నడపాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా ఉండాలి. ఎయిర్‌లైన్స్‌లో చేరాలంటే మల్టీ ఇంజిన్ రేటింగ్ (ఒకటికి మించి ఇంజిన్లున్న విమానం నడిపే అర్హత) కూడా కావాలి. ఉద్యోగానికి రాజీనామా చేసే ముందే క్లాస్ 2, క్లాస్ 1 వైద్య పరీక్షలు పూర్తిచేసుకోండి.

స్కైడైవింగ్ నేర్పే పాఠం

విదేశాల్లో కొత్త పైలట్లు కొందరు స్కైడైవర్లను పైకి తీసుకెళ్లే విమానాలు నడిపి గంటలు పెంచుకుంటారు. మన దగ్గర ఆ అవకాశాలు అరుదు. ఆ పనిలో రోజంతా నిండు బరువుతో టేకాఫ్‌లు చేయాలి. దూకే సమయంలో వేగం తగ్గించాలి. అందరూ వెనక తలుపు దగ్గరికి చేరితే తోక బరువెక్కుతుంది. పొరపాటుకు చోటు చాలా తక్కువ.

2006 జులై 29న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం సలివాన్‌లో స్కైడైవర్లతో బయల్దేరిన రెండు ఇంజిన్ల ట్విన్ ఆటర్ విమానం టేకాఫ్ అయిన కాసేపటికే కుడి ఇంజిన్ పవర్ కోల్పోయింది. విమానం కూలి, అందులోని ఎనిమిది మందిలో ఆరుగురు చనిపోయారు. ఇంజిన్ పవర్ పోయాక పైలట్ తగిన వేగం నిలుపుకోలేకపోవడమే ప్రమాదానికి కారణమని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది.

ఎరుపు గీత, నీలం గీత

రెండింటిలో ఒక ఇంజిన్ ఆగితే సగం శక్తే పోతుంది. కానీ చిన్న విమానాల్లో పైకెక్కే సామర్థ్యం 80 శాతానికి పైగా తగ్గిపోవచ్చు. పనిచేసే ఇంజిన్ విమానాన్ని ఒక పక్కకు తిప్పేస్తుంది. దాన్ని తోకలోని చుక్కాని, అంటే రడ్డర్‌తో అదుపు చేయాలి. రెండు ఇంజిన్ల చిన్న విమానాల వేగసూచికపై ఎరుపు గీత ఉంటుంది. వేగం అంతకంటే తగ్గితే రడ్డర్‌కు ఆ బలం చాలదు, విమానం బోల్తా కొడుతుంది. నీలం గీత ఒక ఇంజిన్‌తో బాగా పైకెక్కే వేగం.

ఇంజిన్ ఆగగానే రడ్డర్‌తో దిశ నిలపాలి. ముక్కు తగినంత దించి నీలం గీత వేగం పట్టాలి. ఆ తర్వాతే చక్రాలు, ఫ్లాప్‌లు ఎత్తడం, ఆగిన ఇంజిన్‌ను నిర్ధారించుకుని దాని ప్రొపెల్లర్‌ను ఫెదర్ చేయడం (రెక్కలు గాలికి అడ్డుపడకుండా తిప్పడం). వేగం ఎరుపు గీత దగ్గరికి పడిపోతే పనిచేసే ఇంజిన్ పవర్ తగ్గించి, ముక్కు ఇంకా దించాలి. నేల దగ్గరపడుతుంటే చెయ్యి మాత్రం ముక్కునే పైకి లాగమంటుంది. ఆ తొందరను ఆపేది పదేపదే చేసిన సాధన ఒక్కటే.

చేరేముందు అడగండి

* మల్టీ ఇంజిన్ విమానం ఉందా? నడిచే స్థితిలో ఉందా?
* ఇంజిన్ ఫెయిల్యూర్ సాధన సురక్షితమైన ఎత్తులో, సిమ్యులేటర్‌లో ఎన్ని గంటలు చేయిస్తారు?
* టేకాఫ్‌కు ముందు ప్రతిసారీ ఎమర్జెన్సీ బ్రీఫింగ్ చెప్పిస్తారా?

సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టకండి. రేటింగ్ వచ్చాక కూడా ప్రతి టేకాఫ్‌కు ముందు ఆ రెండు వేగాలు పైకి చెప్పుకోండి. మీ వెనక కూర్చున్నవారి ప్రాణాలు ఆ అలవాటు మీదే ఆధారపడి ఉంటాయి.