బస్తా అడుగున చేరే పొట్టు



అల్లుడూ, గ్యాసు బండ ధర భరించలేక పుదుచ్చేరి వైతికుప్పంలోని నీ టిఫిన్ కొట్లో పెల్లెట్ పొయ్యి పెట్టావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెనం ఒక పక్క మాడిపోతుంటే ఇంకో పక్క దోసె కాలడం లేదట. బస్తా అడుగుకొచ్చేసరికి పొగ లేచి, పిండి రుబ్బే అమ్మాయికి కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయట. కొత్త బ్లోయర్ కొనాలనుకుంటున్నావట. ఆ డబ్బు తీసే ముందు బస్తాలోకి ఒకసారి చెయ్యి పెట్టి చూడు. పొయ్యిలో లోపం లేకపోవచ్చు. పెల్లెట్లతో పాటు దిగిన పొట్టే గాలి దారిని మూసేస్తూ ఉండొచ్చు.

పెల్లెట్ మొదట పొట్టే. రంపపు మిల్లు పొట్టునో, వేరుశెనగ తొక్కలనో, నలగ్గొట్టిన సరుగుడు కొమ్మలనో బాగా ఆరబెట్టి, ఉక్కు అచ్చు రంధ్రాల్లోంచి విపరీతమైన ఒత్తిడితో తోస్తారు. ఆ రాపిడి వేడికి కర్రలో సహజంగా ఉండే లిగ్నిన్ మెత్తబడుతుంది, చల్లారాక బిగుసుకుని రేణువుల్ని పట్టి ఉంచుతుంది. మామూలుగా వేరే జిగురు కలపనక్కర్లేదు. వదులుగా పోస్తే ఘనపు మీటరుకు సుమారు 200 కిలోలు తూగే పొట్టు, 6 లేదా 8 మిల్లీమీటర్ల పెల్లెట్లయ్యాక 600 కిలోలు దాటుతుంది.

ఆ బిగువును విడదీసేది చెమ్మ. తడి తగిలితే కర్ర రేణువులు ఉబ్బుతాయి, పెల్లెట్ పగిలి మళ్లీ పొట్టవుతుంది. ఎండలో పోస్తే తడి ఆరుతుంది గానీ పోయిన పెల్లెట్ తిరిగి రాదు. నీ కొట్టు సముద్రానికి కూతవేటు దూరం. అక్కడి ఉప్పుగాలి షట్టర్ రేకునే తినేస్తుంది, ప్లాస్టిక్ గోనె అల్లికలోంచి దూరడం దానికెంత పని? పైగా పుదుచ్చేరికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. 2011 డిసెంబరు 30న థానే తుపాను, 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను ఆ చుట్టుపక్కలే తీరం దాటాయి. ఆ మూడు నెలలూ వారం పది రోజులకు మించి సరుకు దింపుకోవద్దు. చవకగా వస్తుందని ఒక్కసారే లారీడు తెచ్చుకుంటే, మిగిలిన డబ్బంతా పొట్టు రూపంలో పోతుంది. బస్తాలు నేల మీద కాదు, చెక్క బల్ల మీద ఉండాలి. గోడకు జానెడు ఎడం ఉండాలి. విప్పిన బస్తాను మూత బిగిసే డ్రమ్ములోకి మార్చెయ్యి.

చెమ్మ తర్వాత దెబ్బ. లారీ మీంచి బస్తాను దభీమని పడేసినా, కొక్కెం గుచ్చి ఈడ్చినా, దాని మీద కూర్చున్నా లోపల పెల్లెట్లు అరిగి పొడి రాలుతుంది. ఎంత రాలుతుందో కొలవడానికి ఐఎస్ఓ పరీక్ష ఒకటుంది. 500 గ్రాముల పెల్లెట్లను ఒక పెట్టెలో వేసి, నిమిషానికి 50 చుట్ల చొప్పున 500 చుట్లు తిప్పి, 3.15 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడ పడతారు. మేలు రకం కర్ర పెల్లెట్లయితే 97.5 శాతమైనా పైన నిలవాలి. ఐరోపాలో ఈఎన్‌ప్లస్ ముద్ర ఉన్న సంచిలో నింపేటప్పుడు పెల్లెట్లలో పొట్టు అర శాతం మించకూడదు. అంటే 40 కిలోల బస్తాకు 200 గ్రాములు. వేరుశెనగ తొక్క కలిసిన మన సరుకు ఆ గీత దగ్గర నిలవడం కష్టం. అలాగని బస్తాకు రెండు మూడు కిలోల పొట్టు దిగుతుంటే ఊరుకోకూడదు. పెల్లెట్ల ధర పెట్టి పొట్టు కొంటున్నట్టే కదా.

ఇంట్లో ఈ పరీక్షకు యంత్రాలేవీ అక్కర్లేదు. తాపీమేస్త్రీ ఇసుక జల్లించే జల్లెడ, కాటా చాలు. బస్తా మొత్తం జల్లించి రాలింది తూచు. ఇంకోటి, గ్లాసు నీళ్లలో నాలుగు పెల్లెట్లు వెయ్యి. గట్టిగా నొక్కిన కర్ర పెల్లెట్ నీళ్లకంటే బరువు, అడుగుకు పోతుంది. తేలిందంటే వదులుగా నొక్కారన్నమాట, అది రవాణాలోనే నలుగుతుంది.

పొట్టుకు పొయ్యి ఎందుకు ఉక్కిరిబిక్కిరవుతుందో కూడా తెలుసుకో అల్లుడూ, తెలిస్తే చెయ్యి దానంతటదే సరైన పని చేస్తుంది. బ్లోయర్ ఊదే గాలిలో ఒక పాయ జాలీ కిందినుంచి పెల్లెట్ల సందుల్లోంచి పైకి వస్తుంది. దానితో పెల్లెట్లు సగం కాలి, మండే వాయువులు వదులుతాయి. రెండో పాయ పై కన్నాల్లోంచి వచ్చి ఆ వాయువుల్ని మంటగా మారుస్తుంది. పెల్లెట్లన్నీ ఒకే సైజులో ఉంటే సందులు సమంగా ఉంటాయి. పొట్టు ఆ సందుల్లో కూరుకుంటే గాలి తేలికైన చోట మాత్రమే చీల్చుకుపోతుంది. అక్కడ మంట భగ్గుమంటుంది, పక్కన పొట్టు మండకుండా కుములుతుంది. పెనం ఒక పక్కే మాడడానికి కారణం ఇదే అయ్యుండాలి. అప్పుడు రెగ్యులేటర్ తిప్పి గాలి పెంచితే సగం కాలిన పొట్టు నిప్పురవ్వలై గిన్నెల మీదికీ, గొంతుల్లోకీ ఎగురుతుంది. చెయ్యాల్సింది వేరు. పొయ్యి చల్లారాక జాలీ కన్నాలు సన్నపు చువ్వతో పొడిచి శుభ్రం చెయ్యి. పెల్లెట్లు నింపే హాపర్ అడుగున పేరుకున్న పొట్టు రోజూ దులిపెయ్యి. జల్లించిన పెల్లెట్లే వాడు.

పెల్లెట్లు సరిగా అందితేనే పొయ్యి నిలుస్తుందనడానికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసర్ హెచ్.ఎస్. ముకుంద బృందం పరిశోధన ఆధారంగా, చిన్న ఫ్యానుతో నడిచే ఊర్జా పొయ్యిని బీపీ సంస్థ 2006లో అమ్మకానికి తెచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు ఇళ్లలోకి సుమారు 4 లక్షల పొయ్యిలు వెళ్లాయి. మంట గ్యాసు మంటకు దగ్గరగా ఉండేది. కానీ పెల్లెట్లకు కావలసిన ముడిసరుకు ధర పెరిగింది, పెల్లెట్ల ధరా పెరిగింది, ఇళ్లవాళ్లు మెల్లగా మానేశారు. ఆ వ్యాపారం తర్వాత హోటళ్ల వైపు, పెద్ద వంటశాలల వైపు మళ్లింది. అంత చదువున్నవాళ్లు చేసిన పొయ్యి కూడా పెల్లెట్ల దగ్గరే ఆగింది. అందుకే నీకు పొయ్యి అమ్మినవాడి కంటే పెల్లెట్లు పోసేవాడితో స్నేహం ముఖ్యం. ఒక్కడినే నమ్ముకోకుండా ఇద్దరి దగ్గర సరుకు చూసుకో.

ఇక జల్లెడ కింద రాలిన పొట్టు. పారెయ్యకు, అదీ డబ్బు పెట్టి కొన్నదే. గ్యాసు రాకముందు మన కాఫీ హోటళ్లు ఎన్నో పొట్టు పొయ్యి మీదే నడిచాయి. రేకు డబ్బాకు అడుగు పక్కన ఒక కన్నం పెట్టి, ఆ కన్నంలోంచి ఒక కర్ర, డబ్బా మధ్యలో నిలువుగా ఇంకో కర్ర లోపల కలిసేలా నిలబెడతారు. చుట్టూ పొట్టు పోసి గట్టిగా దట్టిస్తారు. తర్వాత మెల్లగా తిప్పుతూ కర్రలు రెండూ లాగేస్తే గాలికి సొరంగం మిగులుతుంది. కింది కన్నంలో నిప్పు పెడితే సొరంగం గోడలు లోపలినుంచి కొద్దికొద్దిగా కాలుతూ గంటల తరబడి నిలకడైన మంట ఇస్తాయి. పెల్లెట్ పొయ్యిని ఊపిరాడనివ్వని పొట్టే ఇక్కడ దారి దొరికి చక్కగా మండుతుంది. సాంబారుకూ వేడినీళ్లకూ ఇది బాగా పనికొస్తుంది. మధ్యలో మళ్లీ నింపడం కుదరదు, ముట్టించేటప్పుడు పొగ వస్తుంది. అందుకని పెరట్లోనే పెట్టుకో. చెమ్మ పట్టిన పొట్టును ముందు ఎండబెట్టు. చాలకపోతే రంపపు మిల్లులో తమిళంలో ‘మరత్తూళ్’ అని అడిగితే ఇస్తారు.

అయితే మిల్లు నుంచి వచ్చే ప్రతి పొడీ పొయ్యిలోకి పనికిరాదు. ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసిన పొడిలో రెసిన్లుంటాయి. రంగు వేసిన చెక్క, చెదలమందు పూసిన చెక్క పొడి అసలు ముట్టుకోవద్దు. తీరం వెంట ఫైబర్ పడవలు అరగదీసినచోట రాలే పొడి కర్రే కాదు. పన్రుటి వైపు నుంచి జీడిగింజల పెంకు చవకగా వస్తుందని ఎవరైనా చెబుతారు, దాని నూనె పొగ చర్మాన్నీ కళ్లనూ కాల్చేస్తుంది. అన్నం వండే చోటికి ఇవేవీ రానివ్వకు.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది జల్లించేవాళ్ల గురించి. కర్ర ధూళి మనుషులకు క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ఏళ్ల తరబడి ఆ ధూళి పీల్చే వడ్రంగుల్లో ముక్కులోపలి క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. జల్లెడ ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి పట్టాలి. ముక్కుకు మాస్కు ఉండాలి, అది కొనివ్వడం నీ బాధ్యత. తర్వాత చీపురుతో రేపకుండా తడిబట్టతో తుడిపించు. ఎండిన పొట్టు గుప్పెడైనా మంట మీద చల్లనివ్వకు, గాల్లో లేచి భగ్గుమంటుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2012 జనవరిలో బర్న్స్ లేక్ దగ్గరి రంపపు మిల్లు, ఏప్రిల్లో ప్రిన్స్ జార్జ్‌లోని ఇంకో మిల్లు ఎండిన కర్ర ధూళి అంటుకునే పేలిపోయాయి. ఒక్కోచోట ఇద్దరేసి కార్మికులు చనిపోయారు.

నిల్వ ఉన్న పెల్లెట్లు మండకుండానే కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. 2006 నవంబరులో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోరి రేవులో, పెల్లెట్ల ఓడ మెట్లదారిలోకి దిగిన నావికుడు ఆ వాయువుకే ప్రాణం కోల్పోయాడు. నీ నాలుగు బస్తాలకూ ఓడ సరుకుకూ పోలిక లేదు. కానీ ఆరని నిప్పులున్న పొయ్యి కూడా అదే వాయువు వదులుతుంది, దానికి వాసన ఉండదు. రాత్రి షట్టర్ దించి కొట్లోనే పడుకునే కుర్రాడున్నాడని మీ అమ్మ అంది. ఇవాళ్టి నుంచే అతనికి వేరే చోటు చూడు. వానాకాలంలో కూడా పొయ్యి గది కిటికీ మూయకు.

పొయ్యిలో మిగిలే బొగ్గు సంగతి ఒకటుంది. హైదరాబాద్‌కు చెందిన సాయిభాస్కర్ రెడ్డి ఇలాంటి వాయువు పొయ్యిల నమూనాలెన్నో రూపొందించి, మిగిలే బొగ్గును పొలాల్లో నేలకు కలపడం గురించి ఏళ్లుగా చెబుతున్నారు. నీళ్లు చల్లి ఆర్పిన బొగ్గును మీ అమ్మ కరివేపాకు కుండీలకు వాడుకోవచ్చు.

ఈ వారం వచ్చే మొదటి బస్తా జల్లించి లెక్క రాయి. పైన ఎంత నిలిచింది, కింద ఎంత రాలింది, ఒక పూట మంటకు ఎంత బూడిద మిగిలింది. వేరుశెనగ తొక్క ఎక్కువుంటే బూడిదా ఎక్కువే ఉంటుంది, కరిగి గడ్డకట్టి జాలీకి అంటుకుంటుంది కూడా. గడ్డలు కనిపిస్తే వాటి ఫోటో తీసి పంపు.

మీ మామయ్య