ట్రయథ్లాన్ మొదలుపెడుతున్నారా? ముందు పునాది, తర్వాతే వేగం



ఈత, సైక్లింగ్, పరుగు వరుసగా ఒకేరోజు, మధ్యలో విరామం లేకుండా పూర్తిచేసే పోటీ ట్రయథ్లాన్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో తొలిసారి చేరింది. కొత్తవారికి అనువైన స్ప్రింట్ విభాగంలో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైక్లింగ్, 5 కిలోమీటర్ల పరుగు ఉంటాయి.

పోటీలు లేని నెలలే మొదలుపెట్టడానికి మంచి సమయం. పరీక్ష ముందురోజు రాత్రి చదివితే చాలదని పిల్లలకు మనమే చెబుతాం కదా! శరీరానికీ అదే సూత్రం.

1. ఈత: వారానికి రెండుసార్లు, కోచ్ దగ్గరే నేర్చుకోండి. నీళ్లలో ఊపిరి వదలడం, తల పక్కకు తిప్పి గాలి పీల్చడం వచ్చాకే దూరం పెంచండి. ఒంటరిగా ఈదవద్దు.

2. సైకిల్: కొత్తది కొననక్కర్లేదు. ఉన్నదానికే సీటు ఎత్తు, బ్రేకులు సరిచేయించండి. హెల్మెట్ తప్పనిసరి.

3. పరుగు: రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. పక్కవారితో మాట్లాడలేకపోతే వేగం తగ్గించండి. ఆయాసం తగ్గినంత త్వరగా కీళ్లు, ఎముకలు గట్టిపడవు. మొదటి నెల ఉత్సాహం చాలామందికి మోకాళ్ల నొప్పితో ముగిసేది ఇందుకే.

4. విశ్రాంతి: వారానికి ఒకరోజు పూర్తిగా.

బీపీ, షుగర్, గుండె సమస్యలున్నవారు ముందుగా డాక్టర్‌ను సంప్రదించండి.

పిల్లలు సరదాపడితే వెంట తీసుకెళ్లండి. కానీ వారి దూరాన్ని మీతోనో, పక్కింటి పిల్లలతోనో పోల్చకండి. నొప్పి అనిపించినప్పుడు అమ్మానాన్నలు ఆగడం, మర్నాడు మళ్లీ బయలుదేరడం చూస్తే చాలు, ఓపిక అంటే ఏమిటో వారికి వేరే చెప్పనక్కర్లేదు.